ఉప్పు తొక్కిన కాలు

దమ్మాం నించి దిగినప్పుడు
మావ పెట్టెలో రెండు లుంగీలు, ఓ వెల్డింగు అద్దం,
కుట్ల సందుల్లో పిడికెడు ఇసక.
ఏడేళ్ల ఎండంతా మెడ మీదే మోసుకొచ్చినాడు,
కాలరు కింద తెలుపు, పైన మాడు.

పందొమ్మిది రోజులే ఉంటాడట.
ఆ కంపెనీ మూసీసినారు.
కంచిలి ఏజెంటు ఇంకోటి సూసినాడు:
మంచు దేశం, పైపులైను పని,
నెలకి పన్నెండు వేలు ఎక్కువ.
ఆ ఊరి పేరు నోవో... దాకా వొస్తాది నాకు,
ఆ తర్వాత నోరు జారి నౌపడ అయిపోతాది.
ఢిల్లేశ్వరి ఫక్కున నవ్వుతాది.

వైశాకం.
సెమటెండి రవికె మీద గీతలు కడతన్న ఏళ
సియాచిన్ సూసొచ్చిన దండాసి బావ
ట్రంకుపెట్టి అడుగు నించి కోటు తీసినాడు.
కలరా ఉండల వాసన.
"ఏసుకో, బరువు అలవాటవ్వాల."
ఈదరుగు మీద మావ
కోటు తొడుక్కుని కూకున్నాడు,
పక్కన నాను, విసినికర్రతో.
కోళ్లు కూడా ఆగి సూసినాయి.

బావ సెప్పినవన్నీ
గుంట నోటుబుక్కులో రాసింది:
సెవులు రుద్దుకోకు.
సెమట పట్టనియ్యకు.
ఒట్టి సేత్తో ఇనుము ముట్టుకోకు,
తోలు దానికే ఉండిపోతాది.
మావ అరసెయ్యి తిప్పి సూసుకున్నాడు.
దమ్మాంలో మిట్టమజ్జాన్నం
నిచ్చెన పట్టుకున్న సోట ఇంకా నల్లగానే ఉంది.
"ఇనుముకి రెండు పక్కలా పళ్లేనేటి బావా?"
ఎవులూ నవ్వలేదు.

మర్నాడు బావనపాడు పోయి
సేపల ఐసు ఫ్యాక్టరీ వోణ్ణి బతిమాలి
దిమ్మల గదిలో నిలబడినాడట.
పది నిమిషాలన్నాడు,
నాలుగుకే తలుపు కొట్టినాడని
ఫ్యాక్టరీ వోడు ఊరంతా సెప్పినాడు.
ఆ రాత్రి ఒంటినిండా సేపల కంపు.
సల్లటి పాదాలు తెచ్చి నా పిక్కలకి ఆనించినాడు.
తియ్యమన్లేదు నాను.

ఎలిపోనాడు.

మాగమాసం, మళ్లలో తొలి ఉప్పు తేలింది.
దంతె లాగుతుంటే కొంగు ముడిలో ఫోను మోగింది.
బొమ్మలో మావ ఆనలేదు,
ఓ ఉన్నిటోపీ, పొగ,
కనురెప్పల మీద తెల్లటి పొడి.
మైనస్ ఇరవై ఎనిమిదట.
"పడిపోనానే" అన్నాడు. మోచెయ్యి వాసిందట.
"ఎలాగ?"
కాసేపు ఏటీ అనలేదు.

తెల్లారగట్ల లారీ ఒకటొచ్చి
రోడ్డు పొడుగునా ఉప్పు జల్లీసి పోతాదట.
మంచు కరుగుతాదట, మనుసులు జారరట.
అందరూ దాని మీదే నడుస్తున్నారు.
మావకి మాత్రం అత్త మాట అడ్డొచ్చింది:
ఉప్పు తొక్కితే
సచ్చినాక కనురెప్పల్తో ఏరాల.
పక్కకి దిగి మంచు మీద నడిసినాడు.
అంతే.

నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు.
కిందకి సూసుకున్నాను.
పిక్కల దాకా ఉప్పునీళ్లు,
మడం పగుళ్లలో మంట.
పదమూడేళ్ల నించి పొద్దున్నే లెగిసి
నాను తొక్కతన్నదేటి?
బస్తాకి ఇంతని మేస్త్రీ కట్టే లెక్కలో
పాపం వాటా ఎవుడూ రాయలేదు.

"తొక్కు మావా" అన్నాను.
"గళ్లుప్పేనా, మెత్తందా?"
"గళ్లే. బూడిద రంగు."
"అయితే మనది కాదులే. మనది తెలుపు."
అప్పుడు నవ్వినాడు.
తడికట్టెల పొయ్యి ఊదినట్టు
మావ నోట్లోంచి పొగొచ్చింది.

ఫోను మళ్లీ ముడేసి దంతె అందుకున్నాను.
గట్టు మీద ఢిల్లేశ్వరి నీళ్లు తెస్తంది,
కాళ్లకి ఆళ్ల నాన్న దమ్మాం సెప్పులు.
నాలుగు ఏళ్లు పెద్దవి.
అడుగేసినప్పుడల్లా టపటపమంటూ
ఇంకా ఇసక రాలుతానే ఉంది.